నీళ్లు వదిలేసిన చెరువు, మేం రాసుకున్న సీను

2024 నవంబరు చివర్లో ఒక పొద్దున నేనూ, కెమెరా చూసుకునే మా దోస్తూ వరంగల్ భద్రకాళి చెరువు కట్ట మీద నిలబడి ఉన్నాం. ఎదురుగా నీళ్లు లేవు. నల్లటి బురద, అక్కడక్కడా మిగిలిన మడుగులు, వాటి చుట్టూ కొంగలు. పూడిక తీయడానికి నీళ్లు వదులుతున్నారని ఆ నెల మొదట్లోనే పేపర్లో చదివాం. అంత పెద్ద చెరువు ఇప్పుడప్పుడే ఖాళీ అవుతుందా అనుకుని ఆ సంగతి పక్కన పెట్టేశాం. షూటింగుకు ఇంకా 18 రోజులుంది. మా సినిమాలో అసలు సీను మొత్తం ఆ నీళ్ల మీదే రాసుకున్నాం.

లొకేషన్ చెడిపోతే ‘మేనేజ్ చెయ్యి’ అనే మాట షార్ట్ ఫిల్ములు తీసే విద్యార్థుల్లో బాగా నాటుకుపోయింది. సీనియర్లు చెబుతారు, జూనియర్లు వింటారు, వాళ్లు సీనియర్లయ్యాక అదే చెబుతారు. ఆ మాటతో నాకు గట్టి పేచీ ఉంది. చోటు మారితే సీను మళ్లీ రాయాలి. అవే మాటల్ని, అవే నడకల్ని మోసుకెళ్లి ఇంకోచోట దించితే చూసేవాళ్లకు తెలిసిపోతుంది. ఏది తేడాగా ఉందో చెప్పలేకపోయినా, ఏదో అతకలేదని మాత్రం పసిగడతారు. ఆ 18 రోజులూ, తర్వాతి మూడు రోజుల షూటింగూ నాకు నేర్పింది ఇదే. ఎలా నేర్పిందో వివరంగా చెప్తాను.

మా కథ చిన్నది. కొత్తవాడలో జంపఖానాలు నేసే తాత, హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోతున్న మనుమరాలు. ఆమె తండ్రి ఎప్పుడో మరమగ్గాల పనికని భీవండి పోయి తిరిగి రాలేదు. మా దగ్గర నేత కుటుంబాల్లో భీవండి, సూరత్, షోలాపూర్ అన్న పేర్లు చుట్టాల ఊళ్ల పేర్లలా వినిపిస్తాయి. వెళ్లే ముందురోజు సాయంత్రం తాత మనుమరాలిని చెరువు కట్టకు తీసుకెళ్తాడు. గుడి దీపాలు నీళ్ల మీద పడుతుంటాయి. ‘మీ నాయిన ఇక్కడే ఈత నేర్చుకున్నడు’ అని మొదలుపెట్టి, ఇన్నేళ్లూ దాచిన సంగతి చెబుతాడు. మొత్తం 14 నిమిషాలు. మేం ఐదుగురం, అందరం చదువుకుంటున్నవాళ్లమే. పోగేసుకున్న డబ్బు 19 వేలు. అందులో సగానికి పైగా కెమెరా, లెన్సుల అద్దెకే పోతుంది. మూడు రోజులకు మించి అద్దె కట్టే శక్తి మాకు లేదు.

కట్ట మీద నిలబడే మా దోస్తు అన్నాడు, “వడ్డేపల్లి చెరువుకు పోదాంరా. నీళ్లు నీళ్లే కదా.”

ఆ మాట వినగానే నాకూ సరే అనిపించింది. ఓరుగల్లు చుట్టూ చెరువులకు కొదవేముంది? వడ్డేపల్లి ఉంది, ధర్మసాగర్ ఉంది. కాస్త దూరం పోతే పాకాల, రామప్ప, లక్నవరం. కాకతీయులు తవ్వించిన నీళ్లు ఇప్పటికీ పొలాలకు పారే నేల ఇది. ఒక చెరువు ఎండితే ఇంకో చెరువు. ఆ రోజు మధ్యాహ్నమే వడ్డేపల్లి చెరువు చూసొచ్చాం. బాగుంది, నీళ్లున్నాయి, సాయంత్రం వెలుగు కూడా మాకు కావాల్సిన వైపు నుంచే పడుతోంది. ఆ రాత్రి స్క్రిప్టులో ‘భద్రకాళి’ కొట్టేసి ‘చెరువు’ అని రాశాను.

మర్నాడు చదివితే సీను చచ్చిపోయింది. కొత్తవాడ నుంచి ముసలాయన నడిచొచ్చే దూరంలో ఉన్నది భద్రకాళి. వడ్డేపల్లికి రావాలంటే ఆటో ఎక్కాలి. ఆటో ఎక్కి వచ్చాడంటే ముందే ఆలోచించుకుని బయల్దేరాడన్నమాట. మా తాత అలాంటివాడు కాడు. అన్నం తిని, చేయి కడుక్కుని, ‘అట్ల పోయొద్దాం పా’ అని లేచే మనిషి. నడుస్తూ నడుస్తూ నోరు విప్పే ధైర్యం తెచ్చుకునే మనిషి. ఒక్క చెరువు మార్చేసరికి తాత స్వభావమే మారిపోయింది.

సినిమా అంటేనే చోట్లు మార్చి నమ్మించడం కదా అని మీరనవచ్చు. నిజమే. ఒక ఇంటి గడప, ఇంకో ఇంటి గది కలిపి ఒకే ఇల్లుగా చూపించడం ఈ పనిలో మొదటి పాఠం. మేమూ చేశాం. మా సినిమాలో తాత వాకిలి ఒక వీధిలోది, మగ్గం ఇంకో వీధిలోది. అందులో తప్పేమీ లేదు. మనిషి ప్రవర్తనకు కారణమైన చోటును మార్చేసి, ప్రవర్తనను మాత్రం అలాగే ఉంచడం తప్పు. ఈ రెండింటి తేడా మాకు కాగితం మీద తెలియలేదు. చెరువు ఎండాక తెలిసింది.

కథను రెండేళ్లు వెనక్కి జరుపుదాం, చెరువు నిండుగా ఉన్న రోజుల్లో జరిగినట్టు చూపిద్దాం అని కూడా ఒకరన్నారు. అదీ ఆలోచించాం. కానీ రెండో సీనులో మనుమరాలు ఇంటర్వ్యూ నుంచి తిరిగొచ్చి బ్యాగు దులిపితే ఆధార్ కార్డుతో పాటు బస్సు జీరో టికెట్ కింద పడుతుంది. ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం మొదలైంది 2023 డిసెంబరు 9న. టికెట్ కనబడగానే చూసేవాళ్లకు కాలం తెలిసిపోతుంది. టికెట్ తీసేద్దామా? ఆ టికెట్ చూసే తాత, ‘పైసల్ లేకుండనే పోయొచ్చినవా’ అని నవ్వుతాడు. సినిమా మొత్తంలో ఆయన నవ్వేది అక్కడొక్కచోటే. తీయడానికి నా మనసు ఒప్పలేదు.

చివరికి మిగిలిన దారి ఒకటే. నీళ్లు లేని చెరువుకే తాతను తీసుకెళ్లాలి.

చెరువు సంగతి మళ్లీ చెప్తాను. ముందు కొత్తవాడ గురించి చెప్పాలి. మేం ఎక్కువ దెబ్బ తిన్నదీ, ఎక్కువ నేర్చుకున్నదీ అక్కడే.

వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేపర్లలో ఫొటోలు వచ్చాయి. మగ్గాల మీద మిగిలినవాళ్లు చాలావరకు వయసు మళ్లినవాళ్లు. మేం ఒక పెద్దాయన ఇల్లు మాట్లాడుకున్నాం. మట్టి గోడలు, పెంకుటిల్లు, ఒక మూల మగ్గం, పై నుంచి గాజు పెంకు గుండా పడే వెలుగు. రెక్కీకి, అంటే చోటు ముందుగా చూసుకోవడానికి, వెళ్లిన రోజు ఆదివారం. ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. ఫొటోలు తీసుకున్నాం, కొలతలు రాసుకున్నాం, ప్లగ్ పాయింట్లు లెక్కపెట్టుకున్నాం. చెవులతో మాత్రం రెక్కీ చేయలేదు.

షూటింగు మొదలైంది గురువారం. చుట్టుపక్కల మూడిళ్లలో మగ్గాలు నడుస్తున్నాయి. ఎదురు సందులో పిండిగిర్ని. పావుగంటకోసారి మైకులో ‘పాత ఇనుప సామాన్లు కొంటాం’ అంటూ తిరిగే ఆటో. మా సీనులో తాత, మనుమరాలు మగ్గం దగ్గర కూర్చుని నాలుగు నిమిషాలు మాట్లాడుకోవాలి. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మా సౌండ్ అమ్మాయి మొదటి టేకుకే చేయెత్తి ఆపేసింది. మాట ఒక్కటీ తేలడం లేదు.

నాకు తోచిన మొదటి పని ఆపమని అడగడం. పక్కింటికి వెళ్లాను. గుమ్మంలో ఒకావిడ రాట్నం ముందు కండెలు చుడుతున్నారు.

“అమ్మా, షూటింగు చేస్తున్నం. రెండు గంటలు మగ్గం ఆపుతరా?”

ఆవిడ కాదనలేదు. లోపలికి చూశారు. లోపల్నుంచి ఆయన మగ్గం మీద చేయి ఆపకుండానే అన్నాడు, “పీసు లెక్క బిడ్డా మాది. ఆపినంతసేపు ఆగుతది.”

కోపం లేదు ఆ మాటలో. లెక్క చెప్పాడంతే. రెండు గంటల నిశ్శబ్దం మాకు ఊరికే రావాలని కోరుకున్నాం. ఆయన ఇంట్లో దానికి ధర ఉంది. ఆ ధర మేం ఇస్తామని కూడా అనలేకపోయాం, ఇవ్వడానికి మా దగ్గర లేదు. ఒకవేళ ఉండి ఇచ్చినా మిగతా రెండిళ్లు, గిర్ని? నేత పని చేసేవాళ్ల గురించి సినిమా తీస్తూ, ఆ సినిమా కోసం నేత ఆపమని అడిగాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

కెమెరా ఆపి, ఐదుగురం ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. గంటన్నర పోయింది. అద్దె లెక్కన చూస్తే అది చాలా ఖరీదైన గంటన్నర. కానీ సినిమా అక్కడే దారిలో పడింది. ఊరికే కూర్చుంటే మగ్గం చప్పుడు ఒకటి కాదని అర్థమైంది. కింద కాలి తొక్కుడు చప్పుడు వేరు, అడ్డ నూలును మోసే నాడె అటు నుంచి ఇటు జారే చప్పుడు వేరు, దువ్వెనలాంటి పన్నె వచ్చి ఆ అడ్డ నూలును, అంటే పేకను గుద్దే చప్పుడు వేరు. గుద్దుకూ గుద్దుకూ మధ్య ఒక చిన్న ఖాళీ ఉంది. మా తాత వేషం వేసిన పెద్దాయన నిజంగానే నలభై ఏళ్లు నేసిన మనిషి. ఇంట్లోవాళ్లతో మాట్లాడాల్సి వస్తే ఆయన ఆ ఖాళీలోనే మాట్లాడతాడు. ఒక ముక్క అంటాడు, పన్నె గుద్దుతాడు, ఇంకో ముక్క అంటాడు. నేను రాసిన పొడుగు వాక్యాలు ఆ చోట ఎవరూ మాట్లాడని వాక్యాలు.

ఇంకోటీ గమనించాం. ఒంటిగంట దాటాక ఒక్కో మగ్గం ఆగుతూ వచ్చింది. భోజనాల వేళ. గిర్ని కూడా ఆగింది. ముప్పావుగంట పాటు సందంతా సద్దుమణిగింది. గిన్నెల చప్పుడు, ఎక్కడో ఒక టీవీ, అంతే.

ఆ అరుగు మీదే సీను చింపి రెండు చేశాను. మగ్గం నడుస్తున్నప్పుడు తాతకు రెండే మాటలు: ‘ఎప్పుడు పోవుడు?’, ‘టికెట్ చేసినవా?’. రెండూ గుద్దుల మధ్య. మనుమరాలి జవాబులు చప్పుడులో సగం వినబడవు, వినబడాల్సిన పనీ లేదు. అసలు మాట అంతా అన్నం దగ్గర. మగ్గం ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దం, మేం రాసుకున్న ఏ డైలాగు కన్నా బాగా ‘ఇక చెప్పాలి’ అన్నది. ఆ ముప్పావుగంటలో మూడు టేకులు తీశాం. మర్నాడు అదే వేళకు మళ్లీ వచ్చి మిగతావి తీశాం.

సౌండ్ గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట. మామూలు రొద ఉన్నచోట తీసిన షాట్లను కోసి అతికించవచ్చు, పెద్దగా తెలియదు. మగ్గంలా తాళం ఉన్న చప్పుడుతో అది కుదరదు. మాటను కోసిన ప్రతిచోటా తాళం తప్పుతుంది, చెవి వెంటనే పట్టేస్తుంది. అందుకని మగ్గం చప్పుడొక్కటే పది నిమిషాలు ఆపకుండా విడిగా రికార్డు చేసుకున్నాం. మాటలున్న షాట్లలో తాత వేషం వేసిన పెద్దాయన మగ్గం ఆడించకుండా, కాళ్లు కదిలిస్తూ నేస్తున్నట్టు చేశాడు. విడిగా తీసిన చప్పుడు ఎడిటింగులో కింద పరిచాం. గది ఖాళీగా ఉన్నప్పటి మౌనాన్ని కూడా ప్రతి సీనుకూ ఒక నిమిషం పట్టుకున్నాం. ఇది కొత్త కిటుకేమీ కాదు, సౌండ్ పని చేసేవాళ్లందరికీ తెలుసు. కానీ మా కాలేజీలో తీసిన సినిమాల్లో దీన్ని పట్టించుకున్నవి నేను తక్కువ చూశాను.

డబ్బింగ్ చెప్పుకుంటే పోయేది కదా అన్నారు చాలామంది. ప్రయత్నించాం. ఒక దోస్తు గదిలో పరుపులు అడ్డం పెట్టి, పెద్దాయనకు హెడ్‌ఫోన్లు పెట్టి చెప్పించాం. పాపం, ఆయన పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. మగ్గం ముందు కూర్చుంటే వచ్చే ఊపిరి, ఆ ఆయాసం, ఆ తెగిన మాట గదిలో రాలేదు. ఒక్క గొంతులో ఎందరినో పలికించిన నేరెళ్ల వేణుమాధవ్ పుట్టిన ఊరు మాది. అలాంటి గొంతు నూటికో కోటికో ఒక్కటి. మిగిలినవాళ్లందరి గొంతూ వాళ్లు కూర్చున్న చోటుతో ముడిపడి ఉంటుంది. చోటు నుంచి లాగేస్తే సగమే వస్తుంది.

వెలుతురు తంటా కూడా ఒకటి పడ్డాం గానీ అది తొందరగానే తేలింది. సాయంత్రం సీనుకు ఇంట్లోని ట్యూబ్‌లైటే వాడదామనుకున్నాం. కెమెరాలోకి వచ్చే వెలుగు (ఎక్స్‌పోజర్) తగ్గించడానికి షట్టర్ వేగం పెంచగానే తెర మీద నల్లటి చారలు పాకాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత చోకు ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. షట్టర్‌ను మళ్లీ సెకనులో యాభయ్యో వంతుకు తెచ్చి, వెలుగును లెన్సు దగ్గర తగ్గించుకుంటే చారలు పోయాయి. పగటి షాట్లకు లైట్లే పెట్టలేదు. గాజు పెంకు వెలుగు గోడ మీద ఏ గంటకు ఎక్కడుంటుందో సుద్దముక్కతో గీతలు గీసుకుని, ఆ గీతల్ని బట్టి షాట్లు వేసుకున్నాం. ఆ గీతలు ఇంకా ఆ గోడ మీదే ఉన్నాయి. తుడిచేస్తామంటే ఆ ఇంటి అమ్మ వద్దన్నారు.

కోట గురించి. మొదటి స్క్రిప్టులో సినిమా ఖిలా వరంగల్‌లో, కాకతీయ తోరణం కింద మొదలవుతుంది. ట్రైపాడ్ తీసుకుని వెళ్తే కాపలా మనిషి మర్యాదగానే ఆపాడు. అది 1958 చట్టం కింద రక్షించిన కట్టడం. చేతిలో కెమెరాతో ఫొటో తీసుకోవడం వేరు, స్టాండు వేసి నటుల్ని నిలబెట్టి తీయడం వేరు. రెండోదానికి పురావస్తు శాఖ నుంచి ముందే రాతపూర్వక అనుమతి కావాలి. మా దగ్గర కాలేజీ ఉత్తరం ఒక్కటే ఉంది. అది చాలదు. ఇందులో అతనిది గానీ శాఖది గానీ తప్పు లేదు, మేం ముందే తెలుసుకోవాల్సింది.

దొంగతనంగా ఫోనుతో తీసేద్దామని మాలో ఒకరన్నారు. నేను వద్దన్నాను. భయంతో కాదు. అసలు తోరణం ఎందుకు కావాలి అని అప్పుడే నన్ను నేను గట్టిగా అడిగాను. వరంగల్ అని తెలియడానికి. రాష్ట్ర చిహ్నంలో ఉన్న తోరణం అది, బస్టాండు నుంచి స్వీట్ షాపు దాకా దాని బొమ్మ లేని చోటు లేదు. కానీ మా తాత ఏడాదికి ఒక్కసారైనా ఆ తోరణం కిందికి వెళ్తాడా? వెళ్లడు. ఆయన వరంగల్ మగ్గం, గిర్ని, చెరువు కట్ట. ఊరి గుర్తును చూపించి కథ మొదలుపెట్టడం మాలో చాలామందికి ఉన్న అలవాటు. ఆ షాట్ లేకపోతే సినిమాకు నష్టం ఏమీ రాలేదు. ఇప్పుడు సినిమా నాడె జారే చప్పుడుతో, నల్లటి తెర మీద మొదలవుతుంది.

రైలు సంగతీ అంతే. మనుమరాలు కాజీపేట జంక్షన్‌లో రైలెక్కే సీను ఉండేది. రైల్వే స్థలంలో సినిమా తీయాలంటే సికింద్రాబాద్‌లోని జోన్ కార్యాలయం దాకా పోవాలి, రుసుములుంటాయి, రోజులు పడుతుంది. స్టేషన్ సీను తీసేసి, కాజీపేటలో పట్టాల దగ్గరి బంధువుల ఇంటి నుంచి ఆమె బయల్దేరినట్టు మార్చాం. ఆమె గేటు దాటుతుంది. కెమెరా తాత మీదే ఉండిపోతుంది. కాసేపటికి దూరంగా హారన్ వినబడుతుంది. అటు బల్లార్షా, ఇటు విజయవాడ, ఇంకోవైపు సికింద్రాబాద్ దారులు కలిసే చోటు కాబట్టి హారన్ కోసం ఎక్కువసేపు ఎదురుచూడాల్సిన పనే రాలేదు. అయితే ఆ రైలు మనుమరాలిదేనా అని తాతకు తెలియదు. మూడోసారి హారన్ వచ్చేదాకా అతను గుమ్మంలోనే నిలబడతాడు. స్టేషన్ దొరికి ఉంటే ఈ అనుమానం కథలోకి వచ్చేది కాదు.

ఇక చెరువు. మూడో రోజు, డిసెంబరు మధ్యలో. 5:40 ప్రాంతంలో పొద్దు గూకుతుంది, పని చేయడానికి మంచి వెలుగు మహా అయితే నలభై నిమిషాలు. కట్ట మీద సాయంత్రం నడిచేవాళ్లు చాలామంది. అందరూ ఆగి ‘ఏం తీస్తున్నరు?’ అని అడిగేవాళ్లే. ఒకరిద్దరికి కథ చెప్పాం. ఒక రిటైరైన సారు తనే నిలబడి, వచ్చేవాళ్లను కాసేపు ఆపి పెట్టారు.

కొత్తగా రాసిన సీను ఇది: నీళ్లున్నప్పుడు తాత ‘మీ నాయిన ఇక్కడ ఈదేటోడు’ అని చేయి ఊపి చూపించాలి. నీళ్లు పోయాక చేయి ఊపాల్సిన పని లేదు. ఒడ్డుకు దగ్గర్లో ఒక పెద్ద బండ బయటపడింది. నీళ్లున్న రోజుల్లో దాని నెత్తి మాత్రమే కనబడేదట. ఇప్పుడు నిలువెత్తు ఉంది. తాత ఆ బండ దాకా దిగి వెళ్లి, దాని మీద చేయి వేసి, ‘గీ బండ మీదికెల్లే దుంకేటోడు’ అంటాడు. కొడుకు తడిగా నిలబడ్డ చోటును, చెరువు ఎండిపోయాక తండ్రి ముట్టుకుంటాడు. ఇది నిండు చెరువు దగ్గర రాయగలిగే సీను కాదు.

ముందురోజు పొద్దున్నే వెళ్లి దారి చూసుకున్నాం. పైన పొర ఎండి గట్టిగా కనిపిస్తుంది, కింద మెత్తటి బురద. నేను మోకాలి దాకా దిగిపోయాను, ఇద్దరు పట్టి లాగారు. అందుకని అసలు బండను వదిలి, కట్టకు ఆనుకుని గట్టి నేల మీద ఉన్న ఇంకో బండను ఎంచుకున్నాం. డెబ్భై దాటిన మనిషిని ఒక్క అడుగు కూడా ప్రమాదంలో పెట్టకూడదని ముందే తీర్మానించుకున్నాం. ఆ బండ అంత అందంగా లేదు. షాట్ కూడా నేను ఊహించినంత దూరం వెళ్లలేదు. అయినా మనిషిని ప్రమాదంలో పెట్టే హక్కు ఏ సినిమాకూ లేదని నా నమ్మకం.

టేకు మొదలైంది. పెద్దాయన కట్ట దిగుతూ ఆగి, చెప్పులు విడిచాడు. స్క్రిప్టులో లేదు. కట్ చెప్పలేదు నేను. తర్వాత అడిగితే, “అమ్మవారి చెరువు కద” అన్నాడు, ఇది కూడా అడగాలా అన్నట్టు. నీళ్లున్నప్పటి సీనులో ఆయన కట్ట మీదే ఉండిపోయేవాడు. చెప్పులు విడిచే సందర్భమే వచ్చేది కాదు.

దాంతో ఇంకో చిక్కు వచ్చింది. చెరువు నుంచి ఇంటికొచ్చాక జరిగే రాత్రి అన్నం సీను మేం ముందురోజే తీసేశాం. అందులో ఆయన కాళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఇప్పుడు చీలమండల దాకా నల్లటి మట్టి. ఒక చోటు మారితే దాని ముందూ వెనకా సీనులన్నీ కదులుతాయన్నది మేం సరిగ్గా లెక్కేసుకోలేదు. కెమెరా మర్నాడు పొద్దున తిరిగి ఇచ్చేయాలి. ఆ రాత్రి ఏడింటికి కొత్తవాడ సందులో, వీధి దీపం కింద బోరింగు దగ్గర ఒక షాట్ తీశాం. మనుమరాలు బోరింగు కొడుతుంది, తాత కాళ్లు కడుక్కుంటాడు. మాటల్లేవు. 40 సెకన్లు. కాళ్ల మట్టి పోయిందని చూపించడానికి తీసిన షాట్ అది. ఎడిటింగులో అది పడ్డాక, అన్నం సీనులో మనుమరాలు ‘నాకు పోబుద్ధి అయితలేదు తాతా’ అనే మాటనూ, దాని తర్వాతి రెండు మాటలనూ తీసేశాం. బోరింగు కొట్టే ఆ అమ్మాయి చేతుల్లో అది ఉంది.

మా సినిమా చూసిన ఒక సీనియర్, నేను గౌరవించే మనిషే, ఇలా అన్నాడు: “బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ చేసి టైట్ క్లోజప్‌లు పెడితే మీకు ఈ కష్టం లేదు కదా. ఏ చెరువో ఎవడు చూస్తడు?” కొన్ని కథలకు ఆయన మాట సరిపోతుంది. ఒక గదిలో ఇద్దరి మధ్య నడిచే కథ హన్మకొండలో తీసినా హైదరాబాద్‌లో తీసినా ఒకటే. కానీ ఈ పద్ధతి అన్నిటికీ మందులా మారింది. గత రెండేళ్లలో మా చుట్టుపక్కల కాలేజీల్లో చూసిన చాలా సినిమాల్లో ముఖాలు గుర్తున్నాయి, ఊళ్లు గుర్తులేవు. అందరి వెనకా అదే మసక. లొకేషన్ పెట్టిన ఇబ్బందిని మసకలో దాచేస్తే, ఆ చోటు ఇవ్వగలిగింది కూడా ఆ మసకలోనే పోతుంది. ఉత్తర తెలంగాణ పట్నాల్లో కెమెరా పట్టే పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ల ఊళ్లను వాళ్లు తప్ప ఇంకెవరూ ఇంత దగ్గర నుంచి తీయరు. అందుకే ఈ విషయంలో నాకింత పట్టుదల.

కాలేజీల్లో కెమెరా వాడటం నేర్పుతున్నారు, లెన్సుల గురించి చెబుతున్నారు. ఒక రోజంతా కెమెరా లేకుండా లొకేషన్‌లో కూర్చోమని చెప్పేవాళ్లను నేను చూడలేదు. పనిరోజున వెళ్లాలి, సెలవు రోజున కాదు. ఏ గంటకు ఏ చప్పుడు, ఏ వైపు నుంచి ఎండ, ఎవరి పని మన వల్ల ఆగుతుంది, ఎవరి అనుమతి కావాలి, కార్తీకమాసమా, అయ్యప్ప భజనలా, వడ్ల ట్రాక్టర్లు ఎప్పుడు తిరుగుతాయి, ఇవన్నీ రాసి పెట్టుకోవాలి. మేం 200 పేజీల నోటు పుస్తకం ఒకటి మొదలుపెట్టాం. కొత్తవాడవి తొమ్మిది పేజీలు నిండాయి. జూనియర్లు అడిగితే ఇస్తున్నాం, వాళ్లు చూసిన చోట్లు వాళ్లూ రాస్తున్నారు.

ఇప్పుడు రాస్తున్న కథ వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో, మిర్చి సీజన్‌లో జరుగుతుంది. నిన్న తెల్లవారుజామున నాలుగింటికి రికార్డర్ ఒక్కటే తీసుకుని వెళ్లాను. బస్తాల మీదే పడుకున్న రైతులు అప్పుడే లేస్తున్నారు. ఘాటుకు దగ్గు ఆగదు, నాకూ ఆగలేదు. గంటసేపు రికార్డు చేస్తే అందులో సగం దగ్గులే. మొదట చెరిపేద్దామనుకున్నాను. ఇంటికొచ్చి వింటే హమాలీల దగ్గు వేరుగా ఉంది, రైతుల దగ్గు వేరుగా ఉంది. హమాలీలు ముఖానికి తువ్వాల కట్టుకుని, బస్తా ఎత్తే ముందు ఊపిరి బిగబట్టి, దించాక ఒకేసారి దగ్గుతారు. నేను రాసుకున్న మొదటి సీనులో ఒక రైతూ ఒక హమాలీ కాటా దగ్గర నిలబడి తీరిగ్గా మాట్లాడుకుంటారు. అది కుదరదు. రేపు కాటాలు మొదలయ్యే వేళకు మళ్లీ వెళ్తున్నాను, వాళ్లిద్దరూ ఏ రెండు దగ్గుల మధ్య మాట్లాడుకుంటారో వినడానికి.